నరహరి చివరి డిజైను

సూరత్ డిండోలిలో మా కింది వాటాలో ఉండే సుప్రజ, చీరల మీద అచ్చయ్యే పూలూ లతలూ కంప్యూటర్లో గీస్తుంది. డిజైను పూర్తయ్యాక ఆ ఫైలు ఎంత బరువంటే, మెయిల్లో పట్టదు. అందుకని ముందు చీరల వ్యాపారికి ఫోనులో చిన్న బొమ్మ పంపుతుంది. సేఠ్‌కి నచ్చితే అసలు ఫైలుకు లింకు పంపుతుంది. వారం దాటితే ఆ లింకు తెరుచుకోదు.

ఈ పని ఆమెకు తండ్రి నరహరి నుంచి వచ్చింది. ఆయన ఇదే ఊళ్లో సలాబత్‌పురాలో ఏళ్ల తరబడి కాగితం మీద కుంచెతో డిజైన్లు వేసిన మనిషి. ఒక సేఠ్‌కి అమ్మిన పువ్వు ఇంకో సేఠ్ చీర మీద కనబడకూడదని ఆయన పట్టుదల. అసలు కాగితం చేతికిచ్చి, తన దగ్గరున్న ట్రేసింగు అక్కడే చించేసేవాడు. మంచివాడే గానీ ఈ విషయంలో ఒట్టి మొండి. అంత నిక్కచ్చితనం ఎవరిని ఉద్ధరించడానికో నాకు అర్థమయ్యేది కాదు.

పక్షవాతం వచ్చాక చెయ్యి వణికి కుంచె మానేశాడు. పోయినేడు వానాకాలంలో సుప్రజ తను బొమ్మలు గీసే టాబ్లెట్ ఆయన ముందు పెట్టి, పెన్ను వేళ్ల మధ్య ఇరికించింది. నానా తంటాలు పడి దానిమ్మ పూల కొమ్మ ఒకటి గీశాడు. ప్రతి రేకు అంచూ సన్నగా వణికి ఉంది. సుప్రజ సరిదిద్దబోయి ఆగిపోయింది. "అట్లనే ఉండనీ అక్కా, అది బాపు చెయ్యి," అంది నాతో.

చిన్న బొమ్మ చూసి ఒక సేఠ్ వెంటనే ఒప్పుకున్నాడు. దీపావళికి రెండు రోజుల ముందు, ధన్‌తేరస్ నాడు ఆమె లింకు పంపింది. పక్క మంచం మీది నరహరి ఊరుకోలేదు.

"బిడ్డా, మన తాన ఉన్నది తీసెయ్."

"సేఠ్ ఇంకా దించుకోలే బాపు. జర ఆగు."

"ఇచ్చినంక మనదేంది? ఉంచుకుంటే దొంగతనమే."

చేతికివ్వడం వేరు, లింకు పంపడం వేరని ఆయనకు తెలియదు. తెలిసిన సుప్రజ ఆయన మనసు కష్టపెట్టలేక తన దగ్గరున్న ఫైలు తీసేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. సేఠ్ ఆ సాయంత్రమే దించుకుంటాడనుకుంది.

సేఠ్ అప్పటికే దుకాణానికి తాళం వేసి రాజస్థాన్‌లో సొంతూరు చేరాడు. దీపావళికి మూతపడిన సూరత్ బజారు, పండగ తర్వాత అయిదో నాడు వచ్చే లాభ్ పాంచమ్ దాటితే గానీ తెరుచుకోదు. ఈలోగా నరహరి నిద్రలోనే పోయాడు. కర్మకాండల్లో పడి సుప్రజకు లింకు సంగతే గుర్తు లేదు. దుకాణం తెరిచాక సేఠ్ ఫోన్ చేశాడు, "బేటీ, లింక్ ఖుల్ నహీ రహా" అని. వారం దాటిపోయింది, లింకు తెరుచుకోవడం లేదు.

మిగిలింది ఫోనులో పంపిన చిన్న బొమ్మ. దాన్ని పెద్దది చేసి చూస్తే పూలున్నాయి, రంగులున్నాయి. అంచులు మాత్రం మసకబారి నున్నగా ఉన్నాయి. ఒప్పుకున్న పని కనుక మళ్లీ గీయడానికి కూర్చుంది. కావాలని చెయ్యి వణికించి చూసింది. గీత వంకర పోయిందే తప్ప ఆయనది కాలేదు. చివరికి తన చేతికి వచ్చినట్టే తిన్నగా గీసి పంపింది.

మర్నాడు నేనక్కడ ఉండగానే సేఠ్ ఫోన్ వచ్చింది.

"బిల్కుల్ వహీ హై, బేటీ. జరా భీ ఫరక్ నహీ." అచ్చం ముందు చూసిన బొమ్మేనట, రవ్వంత తేడా కూడా లేదట.

"జీ," అని ఫోన్ పెట్టేసింది. తండ్రి పోయిన రోజు చుట్టాల ముందు తమాయించుకున్న పిల్ల, నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఫరక్ లేదంటున్నడక్కా," అంది.