గోడమీది బొట్టుబిళ్లలు

నెలసరి నొప్పితో మంచం పట్టించే ఎండోమెట్రియోసిస్ మీద ముందుగా ఏ పరిశోధన జరగాలో ఆ జబ్బున్న ఆడవాళ్లనే అడుగుతున్నారంటే, వార్త కోసం చండ్రుగొండ వెళ్లాను. అక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ గోడకు అంటించిన ప్రశ్నల్లో తమకు ముఖ్యమైనదానిపై వాళ్లు బొట్టుబిళ్ల పెట్టాలి. దాదాపు అన్నీ పిల్లలు పుట్టడం గురించే.

"నాకు ముగ్గురున్నరు మేడం," అంది మిర్చి ఏరే ఒకామె. "నెలనెలా నడుం ఇరుగుతది, కూలికి ఎట్ల పోవాలె? గా ప్రశ్న లేదేంది?"

డాక్టరమ్మ ఆ మాటల్నే కొత్త కాగితం మీద రాసి అంటించింది. ఆడవాళ్లంతా దాని చుట్టూ మూగారు. ప్యాకెట్లో బిళ్లలు అయిపోతే నుదుటివి తీసి పెట్టారు. చివరికి అదే మొదటి ప్రశ్నగా నిలిచింది.

"బొట్టేదే అని మీ అత్త అడిగితే ఏం జెప్తవ్?" అని మిర్చి ఏరే ఆమెను పక్కామె ఆటపట్టించింది.

"ఓటేసి గెలిచొచ్చిన అని చెప్త!"