ఖానోల్కర్ కాకా ఎత్తే చెయ్యి

"కాకా, డాబాకి తాళం వెయ్యమని అర్జీ పెట్టింది మీరే కదా!"

"నేనే."

"మరి వద్దని చెయ్యెత్తుతారేంటి?"

"ఎత్తాను. రాసుకో."

ముంబయి పక్కన డోంబివలీలోని పారిజాత్ సొసైటీలో పదహారు ఫ్లాట్లు, ఫ్లాటుకో ఓటు. కుర్ర సెక్రటరీ మందార్‌కి ఒకటే కోరిక: మినిట్స్ పుస్తకంలో ఒక్కసారైనా 'ఏకగ్రీవంగా' అని రాయాలి. ఖానోల్కర్ కాకా ఉండగా అది జరిగే పని కాదు. ఏ తీర్మానమొచ్చినా, చదవడం పూర్తి కాకముందే వ్యతిరేకంగా లేచే మొదటి చెయ్యి ఆయనదే.

నీళ్ల ట్యాంకు కడిగిద్దామంటే వద్దన్నాడు. గణపతి పండక్కి అందరికీ మోదకాలు పంచుదామంటే వద్దని ఓటేసి, పండగనాడు పదకొండు తిన్నాడు. "ఓడినవాడికి ఆకలెక్కువరా" అని సంజాయిషీ. తన డెబ్బయ్యో పుట్టినరోజుకి అభినందన తీర్మానం పెడితే దానికీ ఎత్తాడు.

"ఫ్లాటుకి ఒక్క ఓటే కాబట్టి బతికిపోయారు" అని ఆయన భార్య కాకూ విసుక్కుంది. "నాకూ ఒకటుంటే ఎప్పుడో ఓడించేదాన్ని."

"ఇంట్లో రోజూ ఓడుతూనే ఉన్నాగా!"

ఇప్పుడీ డాబా గొడవ. మూడో అంతస్తు వత్సలా మావశి, అందరికీ పిన్నిలాంటిది, డాబా మీద అప్పడాలు ఆరబెట్టి అమ్ముకుంటుంది. వాటికోసం పావురాలు చేరి తన కిటికీలు పాడుచేస్తున్నాయని కాకా అర్జీ. తాళం పడితే మావశి పొయ్యి ఆరినట్టే. అయినా ఆమె తలొంచుకుని కొంగు నలుపుతూ కూర్చుంది. ఒక్కతే అడ్డుపడితే రేపు మెట్ల మీద ఎవరి మొహం చూడాలి?

కాకా చెయ్యి దింపలేదు. మావశి అటు చూసింది. ఆమె చెయ్యి చెవిదాకా లేచి, ఆగి, పూర్తిగా లేచింది. ఆ తర్వాత కింది ఫ్లాటు పెండ్సే చెయ్యి. ఆపైన ఒక్కొక్కటే. మందార్ రెండుసార్లు లెక్కపెట్టాడు. అనుకూలం ఏడు, వ్యతిరేకం తొమ్మిది. తాళం రద్దు.

మెట్ల దగ్గర పట్టుకున్నాడు కాకాని. "మరి పావురాలు?"

"కిటికీకి వల కట్టుకుంటాలే."

"మావశి కోసం సరే. మోదకాలకి ఎందుకెత్తారు?"

"ఎవరికి ఏది మింగుడుపడదో ముందే తెలీదు కదరా. అందుకే అన్నిటికీ ఎత్తేస్తా." కాకా రెండు మెట్లెక్కి ఆగాడు. "వచ్చే మీటింగు నాడు నాకు కంటి ఆపరేషన్. నా పని నువ్వు చూడాలి."

"నేను సెక్రటరీని కాకా! తీర్మానాలన్నీ నావే!"

"నీవైతే ఏం? చదవగానే పుస్తకం పక్కన పెట్టి, వద్దని చెయ్యెత్తు నాయనా. ఎత్తి వెంటనే దింపకు. కొందరు అటూ ఇటూ చూసుకోవాలి."