హెడ్మాస్టరు గారి గదిలో భోజనం

పదో తరగతిలో అర్ధ సంవత్సరం పరీక్షలు కాగానే నన్ను నా బెంచీ మీంచి లేపి హెడ్మాస్టరు గారి గదిలో కూర్చోబెట్టారు.

అమలాపురం పక్కనున్న మా ఊరి హైస్కూల్లో అదొక ఆనవాయితీ. ఎవరికి ఎక్కువ మార్కులొస్తే, పబ్లిక్ పరీక్షలు రాసేదాకా వాళ్ళ మకాం ఆ గదిలోనే. ఫ్యాను, సొంత బల్ల, ఎవరూ పలకరించకూడదన్న కట్టడి. బడి పరువంతా ఒక్క పిల్ల నెత్తిన పెట్టి, దిష్టి తగలకుండా ఊరంతా కాపలా కాసేది. ఆవకాయ జాడీకి కూడా అంత కాపలా ఉండదు. మా అమ్మ పొంగిపోయింది. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

మధ్యాహ్నం అన్నం పళ్ళెం కూడా లోపలికే పంపేవారు. అంతకుముందు వరండాలో అందరం బంతిగా కూర్చుని తినేవాళ్ళం. నా పక్కన కూర్చునే నేస్తానికి గుడ్డులో పచ్చసొన గిట్టదు. అది నాకిచ్చి, నా తెల్లసొన లాక్కునేది. గదిలో గుడ్డంతా నాదే. కిటికీ అవతల వాళ్ళు పడీపడీ నవ్వుతుంటే, ఎందుకు నవ్వుతున్నారో తెలియక నములుతూ కూర్చునేదాన్ని.

పరీక్షలకి ముందు క్లాసంతా అంతర్వేది వెళ్ళొచ్చిన సంగతి కూడా వాళ్ళు వచ్చాకే తెలిసింది.

"నీ చదువు పాడవుద్దని పిలవలేదే" అంది నా నేస్తం.

దాని తప్పేం లేదు. అందరూ నా మంచే కోరారు. అదే నా ఖర్మ.

స్కూల్ ఫస్ట్ వచ్చాను. గేటుకి ఫ్లెక్సీ కట్టారు. అందులోనూ నేనొక్కదాన్నే.

మొన్న వేసవిలో మా బ్యాచ్ వాళ్ళంతా బళ్ళో కలుద్దామని వాట్సాప్‌లో అనుకున్నారు. విశాఖలో ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. శాలువా కోసం కాదు. ఆ వరండాలో, బంతిలో, నా నేస్తం పక్కన కూర్చుని ఒక్క పూట అన్నం తినాలి. అంతే నా కోరిక.

శాలువా ఎలాగూ కప్పారు. భోజనాల వేళకి వరండా వైపు నడుస్తుంటే నా నేస్తమే ఎదురొచ్చింది. ఇప్పుడు అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చూసుకుంటోంది.

"మీరిక్కడ కింద కూర్చోవడం ఏంటండీ! హెడ్మాస్టరు గారి గదిలో ఏర్పాటు చేసేం. మన బడికి పేరు తెచ్చినోరు."

"ఆయ్, అంతేగదండీ" అన్నారు వెనకున్నవాళ్ళు.

"నేనూ మీతోనే తింటానే" అన్నాను.

"అయ్యో, బాగోదండీ."

మళ్ళీ అదే గది, అదే కిటికీ. పనసపొట్టు కూర, గుడ్డు పులుసు దగ్గరుండి వడ్డించి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. బయట నవ్వులు మొదలయ్యాయి. ఈసారి ఊరుకోలేకపోయాను. గుడ్డు విడదీసి, తెల్లసొన ఓ పక్కన పెట్టి, పళ్ళెం పట్టుకుని వరండాలోకి వెళ్ళాను.

నన్ను చూడగానే నవ్వులు ఆగిపోయాయి. ఎంగిలి చేతులతో బంతి బంతంతా లేచి నిలబడింది.

"ఏం కావాలండీ? కబురు పెడితే పంపించేవాళ్ళం గదా" అంది నా నేస్తం కంగారుగా.

తెల్లసొన నా పళ్ళెంలోనే ఉంది.

"మంచినీళ్ళు" అన్నాను.