చెల్లె అని ఒడి నింపినవాడు

2022 చలికాలం. గట్టు మండలంలోని ఒక ఊళ్లో ఏఎన్ఎంగా, అంటే తల్లీపిల్లల ఆరోగ్యం చూసే నర్సుగా పనిచేస్తున్నాను. మా సబ్‌సెంటర్‌లో లేబర్ రూమ్ ఉంది, కాన్పుల బల్ల ఉంది. నీళ్ల కనెక్షన్ లేదని గదికి తాళం వేశారు. నొప్పులు మొదలైతే గద్వాల దవాఖానకు పోవలసిందే.

లక్ష్మికి అది తొలి కాన్పు. ఆమె ఈడీడీ, అంటే ప్రసవానికి అంచనా తేదీ, జనవరి 23. తల్లిదండ్రులు లేరు కనుక పుట్టింటికి పోయే దారి లేదు. మా నియోజకవర్గం నాయకుడు ఊరికి వచ్చినప్పుడు గది సంగతి నిలదీయాలని ఆడవాళ్లు అనుకున్నారు. ముందుండి మాట్లాడతానన్నది లక్ష్మి అత్త భీమమ్మ.

"ఎందుకు తెరుస్తలేరో అడుగుత. నాకేం భయం?"

ఆ మాట నాయకుడి చెవిన పడింది. అతని మనుషులు నా దగ్గరికి వచ్చి గర్భిణుల వివరాలు అడిగారు. నేను ఇవ్వలేదు. వాళ్లే ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఎవరు లేరో కనుక్కుని పోయారు.

తర్వాత అతను ఊళ్లోని గర్భిణులకు సీమంతం పెట్టించాడు. టెంటు, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, చీరలు. మా వైపు గర్భిణికి పుట్టింటివాళ్లు ఒడి నింపి, కాన్పుకు తమ ఇంటికి తీసుకుపోతారు. అతను లక్ష్మి ఒడిలో బియ్యం పోస్తూ మైకులో అన్నాడు:

"నీకు తల్లిగారిల్లు లేదని ఎవరన్నరు చెల్లే? ఈ అన్న సచ్చిండా?"

లక్ష్మి ఏడ్చింది. ఆమెను చూసి టెంటంతా ఏడ్చింది. భీమమ్మ చేతిలో కొత్త చీరతో లేచి నిలబడి, కళ్లు తుడుచుకుని, గది మాట ఎత్తకుండానే కూర్చుంది. ఇక నేనే మైకు అందుకున్నాను.

"ఒడి నింపినోళ్లే కాన్పు చేయించాలె గదా సార్. గది ఎప్పుడు తెరిపిస్తరు? తేదీ చెప్పండి."

"సూసిండ్రా, సిస్టరమ్మ కాన్పు గూడ నా నెత్తినే ఏసింది. మేనమామకు తప్పుతదా మరి?"

అందరూ నవ్వారు. నా ప్రశ్న ఆ నవ్వుల్లో పోయింది. సాయంత్రానికి లక్ష్మి ఏడుపు, అతని నవ్వు ఊరి ఫోన్లన్నింటిలో ఉన్నాయి. ప్రశ్న మాత్రం వీడియోలోంచి కత్తిరించేశారు.

జనవరి 21 పొద్దున నొప్పులొచ్చాయి. అంబులెన్స్ వేరే కేసుకు పోయింది. ఆటోలో బయలుదేరాం. గద్వాల చేరకముందే, ఆటో సీటు మీదనే ఆడపిల్ల పుట్టింది. తర్వాత లక్ష్మికి పీపీహెచ్, అంటే కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం. ఇంజక్షన్ ఇచ్చి, గర్భసంచి గట్టిపడేలా పొత్తికడుపు రుద్దుతూనే ఉన్నాను. దవాఖాన చేరేసరికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. రక్తం ఎక్కించాక బతికింది.

వార్డు బయట భీమమ్మ నా పక్కన కూర్చుంది.

"అన్న మంచోడే సిస్టరమ్మా. సుట్టున్నోళ్లే ఆయనకు జెప్తలేరు."

"నేను మైకుల చెప్పిన గదా. నువ్వు ఆడనే ఉంటివి."

"ఉంటి. ఒడి నింపినోన్ని ఎట్లంటమమ్మా?"

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. డబ్బు పంచినవాణ్ణి జనం తీసుకుని కూడా తిడతారు. చుట్టరికం కలిపినవాణ్ణి తిట్టడానికి నోరు రాదు. అమ్మానాన్నలు లేని పిల్ల దుఃఖాన్ని అతను ముందే కనుక్కుని వచ్చి, దానితోనే ఊరి నోరు మూయించాడు.

రిటైరయ్యాక కూడా మహిళా సంఘం మీటింగులకు పోతున్నాను. అక్కడ ఒక్కటే చెప్తాను: ఎవరైనా మైకు పట్టుకుని మిమ్మల్ని ఏడిపిస్తే ఏడవండి, తప్పులేదు. కళ్లు తుడుచుకున్నాక, ఏం అడగడానికి వచ్చారో అది అడిగాకనే ఇంటికి పోండి.