దొరకు కాపడం

పెనుకొండలో లక్ష్మీనారాయణకు భూమి ఉండేది గానీ, ఆ భూమి ఎన్నడూ ఆయన మాట వినలేదు. అన్న చెన్నకేశవులు విత్తితే బండమీదయినా మొలక లేచేది. తమ్ముడు గొర్రు పట్టాడని తెలిస్తే చాలు, వచ్చే వాన కూడా మొహం తిప్పుకుని మడకశిర వైపు వెళ్లిపోయేది. ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండానే పనులు పంచుకున్నారు. పండేవన్నీ అన్నవి, పాడైనవన్నీ తమ్ముడివి. బావి గిలక, కుట్టుమిషను, గోడగడియారం, ఏది మూలపడినా ఇంటి వెనక బండ్ల కొట్టానికి చేరేది. ఆ కొట్టంలో కూర్చున్నంతసేపూ ఆయన లక్ష్మీనారాయణ. గడప దాటి బయటికొస్తే చెన్నకేశవులు తమ్ముడు, అంతే.

యాభై ఆరులో హిందూపురంలోని ఒక నూనెమిల్లు యజమాని తన గడియారం బాగుచేయించుకుని, బదులుగా మిల్లు వెనక పడి ఉన్న ట్రయంఫ్ మోటారుసైకిలును తీసుకుపొమ్మన్నాడు. రైల్వేలో పనిచేసిన ఒక తెల్లదొర ఇంగ్లండుకు వెళ్లిపోతూ దాన్ని అక్కడ వదిలేశాడట. అప్పటినుంచి కోళ్లు దాన్ని ఏలుకుంటున్నాయి. లక్ష్మీనారాయణ ఎద్దులబండి కట్టుకుని పోయేసరికి హెడ్‌లైటు గిన్నెలో ఒక పెట్ట గుడ్లు పొదుగుతోంది. పిల్లలు లేచేదాకా ఆగి మళ్లీ పోయి తెచ్చుకున్నాడు. ఆ పిల్లల్లో ఒకటి పుంజయి, కూసే ముందు గొంతులో గుర్రు గుర్రుమని నాలుగుసార్లు అని, ఆ తర్వాతే కూత అందుకునేదని హిందూపురంలో చూసినవాళ్లు చెప్పేవాళ్లు.

దొర వదిలిన బండి కాబట్టి ఇంట్లో దానికి దొర అనే పేరు పడింది. పిస్టను తుప్పు పట్టి సిలిండరులో బిగుసుకుపోయింది. లక్ష్మీనారాయణ ఆముదం, కిరసనాయిలు కలిపి పోసి, రోజూ పొద్దున చింతచెక్క పెట్టి మెల్లగా ఒక దెబ్బ కొట్టేవాడు. గట్టిగా కొడితే పగులుతుంది. దసరాకు మొదలుపెడితే ఉగాది పచ్చడి తిన్నాక కదిలింది. రింగులు బెంగళూరునుంచి రైల్లో వచ్చాయి. నూనె కారకుండా ఇంజను అతుకుల మధ్య పెట్టడానికి ధర్మవరంలో పట్టునూలు వచ్చే అట్టపెట్టెలు అడిగి తెచ్చి, కత్తిరించి, నూనెలో నానబెట్టాడు. క్లచ్ పళ్లేలలో ఉండాల్సిన బెరడు బిళ్లలు ఎప్పుడో చిల్లులు పడి పొడి అయిపోయాయి. వాటికోసం ఆస్పత్రి కాంపౌండరు దేవసహాయాన్ని ఆశ్రయించాడు. మందుసీసాల బిరడాలు అదే బెరడుతో చేసినవి. దేవసహాయం మంచివాడు, కాదనలేదు. ఆ ఏడాది పెనుకొండలో రోగులందరూ మందుసీసాలకు గుడ్డపీలికలు కుక్కుకుని తిరిగారు. తర్వాత రోజుల్లో క్లచ్ వేడెక్కినప్పుడల్లా అరుగుదల మందు వాసన వచ్చేదనీ, రోడ్డు పక్కన నిలబడి ఆ గాలి పీల్చినవాళ్లకు కడుపుబ్బరం తగ్గేదనీ దేవసహాయమే ఒప్పుకున్నాడు.

రెండేళ్లు గడిచాయి. చెన్నకేశవులు తోటకు నీళ్లు తోడే ఆయిలు ఇంజను కొనాలనుకున్నాడు. దాన్ని ఎండకూ వానకూ తగలకుండా పెట్టడానికి ఆయనకు బండ్ల కొట్టమే కనిపించింది. ఒకనాడు అన్నం తింటూ తమ్ముణ్ణి అడిగాడు.

"మీ దొర లేచినాడా అబ్బా, ఇంకా పండుకొనే ఉండాడా?"

"ఇంకొంచెం ఉండాదన్నా."

"రెండేండ్లుగా ఇంకొంచెమే ఉండాది. చూడు నారాయణా, ఆయుధపూజ నాడు నాగలికీ బండికీ గుమ్మడికాయ కొడతాను కదా. ఆ పొద్దుకు నీ దొర కూడా కూస్తే వానికీ ఒకటి కొడతా. లేదంటే ఇనుము హిందూపురానికి, కొట్టం ఇంజనుకు. ప్రాణం లేనిదానికి నేను దిష్టి తియ్యను."

లక్ష్మీనారాయణ తలూపి మజ్జిగ పోసుకున్నాడు. భార్య శ్యామలమ్మ మాత్రం ఆ పూట ఆయన రెండో రాగిముద్ద అడగలేదని గమనించింది. కొట్టం పోతే ఈ మనిషి పగలంతా యాడ కూర్చుంటాడనేది ఆమెకు కూడా తోచలేదు.

ఆయుధపూజ ముందు రోజు సాయంత్రం దొర మొదటిసారి పలికాడు. రెండు గుక్కలు దగ్గి, పొగ వదిలి, దడదడమని ఆడాడు. చెన్నకేశవులు ఆ పూట కొత్తచెరువు అనే ఊరికి పోయి ఉన్నాడు. విన్నది లక్ష్మీనారాయణ, శ్యామలమ్మ, కట్టుకొయ్యల దగ్గరి ఎద్దులు. రేపు అన్న ముందే ఆడిద్దామని ఆయన ఇంజను ఆపేశాడు. స్పానర్లన్నీ తుడిచి, పూజకోసం పీట మీద వరసగా పేర్చి, బొట్లు పెట్టి, హాయిగా పడుకున్నాడు.

మరుసటి రోజు పూజ సాగింది. చెన్నకేశవులు నాగలికీ, బండికీ, సైకిలుకూ హారతిచ్చి దొర దగ్గరికొచ్చాడు. బండి అద్దంలా మెరుస్తోంది. లక్ష్మీనారాయణ ధైర్యంగా కిక్కు కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ కొట్టాడు. చొక్కా తడిసేదాకా కొట్టాడు. అన్న ఎగతాళి చేయలేదు. అదే బాధ. చేతిలోని గుమ్మడికాయను వంటింట్లోకి పంపించి, మెల్లగా చెప్పాడు.

"పండగ పోయినాక కొట్టం ఖాళీ చెయ్యబ్బా. తొందరేం లేదులే."

ఆయన అరుగు మీదికి వెళ్లాక, జీతగాడు పోతులయ్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏమి చిన్నాయప్పా, ఇంత బాగా కడిగితే కూడా పలకలేదా?"

"ఎవరు కడిగినారు?"

"నేనే. చక్రం ఉండేదంతా కడగమని పెద్దాయప్ప ఏటా చెప్తాడు కదా. తెల్లారకముందే కడిగినా. ఆ ఇత్తడి గిన్నెకు చింతపండు పెట్టి తోమినా. పక్కన ఆ నల్లడబ్బీ మూత తీసి, లోపలంతా ఒకటే దుమ్ము, నాలుగు చెంబులు పోసినా."

ఇత్తడి గిన్నె అంటే కార్బురేటరు. నల్లడబ్బీ అంటే మంటకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో. లక్ష్మీనారాయణ ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నాడు. పోతులయ్య మొహంలో మెప్పుకోసం ఎదురుచూపు కనిపించి, "బాగా కడిగినావులే" అన్నాడు.

జబ్బు తెలిసింది గానీ చేతులు కట్టేసినట్టయింది. పూజలో పెట్టిన పనిముట్టును మరుసటి పొద్దు దాకా ఎవరూ ఎత్తరు. స్పానర్లన్నీ బొట్లు పెట్టుకుని పీట మీద ఉన్నాయి. వాటిని ముట్టుకుంటే అన్నకు చెప్పుకోవడానికి మొహం ఉండదు. రేపటిదాకా ఆగితే మాట తప్పినట్టే.

శ్యామలమ్మ వంటింటి వాకిట్లోంచి అంతా వింది.

"పూజలో పెట్టినవి ముట్టుకోగూడదు. నా పట్టకారుకు ఎవరూ పూజ చెయ్యలేదే" అంది.

అలా వంటింటి సామాను కొట్టానికి వచ్చింది. పట్టకారుకు గుడ్డ చుట్టి కార్బురేటరు గిన్నె తిప్పితే చింతపండు నీళ్లు కారాయి. మాగ్నెటో మూతకు తీగె కొక్కెమే గనక వేలితో వచ్చింది. అయితే లోపలి తీగచుట్టలకు పట్టిన నీళ్లు గుడ్డకు అందవు. మాగ్నెటోను విప్పి ఎండబెట్టాలంటే స్పానరు కావాలి.

"విప్పకుండా వేడి తగలాల. ఎక్కువైతే చుట్టలకు పూసిన లక్క కరిగిపోతుంది" అన్నాడాయన.

"శెనక్కాయలు వేయించిన ఇసుక మంగలంలోనే ఉండాది. బాలింతకు కాపడం పెట్టినట్టు పెడదాం."

పాత చీర చించి మూటలు కట్టి, వేడి ఇసుక పోసి, మణికట్టు లోపలి వైపు ఆనించి చూసి, చంటిబిడ్డకు సరిపోతుందనుకున్న వేడినే ఆమె దొరకు ఇచ్చింది. ఒక మూట చల్లారితే ఇంకొకటి. లక్ష్మీనారాయణ పట్టుకుంటే, పోతులయ్య మంగలం దగ్గరనుంచి పరుగెత్తి తెచ్చేవాడు. అరుగు మీదినుంచి చెన్నకేశవులు ఇదంతా చూశాడు.

"ఏమబ్బా, దొరకు కీళ్లవాతమా?"

"పొద్దున్నే తలకు పోసుకున్నాడన్నా. చలి పట్టింది."

"మిరియాల కషాయం కూడా పట్టించు మరి" అని ఆయన తమలపాకు మడుచుకున్నాడు. లోపలికి మాత్రం వెళ్లలేదు.

ఎండ వాలే వేళకు లక్ష్మీనారాయణ మూటలు తీసేసి, మెత్తని పీలికతో లోపల మళ్లీ తుడిచి, మూత పెట్టాడు. మొదటి కిక్కుకు ఏమీ లేదు. రెండోదానికి దొర తుమ్మాడు. మూడోదానికి అందుకున్నాడు. సైలెన్సరులో లోపలి రేకు ఇంకా అమర్చలేదు. ఆ చప్పుడుకు కొండ మీది కోటలో గబ్బిలాలు గూడు మర్చిపోయి రొద్దం దాకా పోయాయి. అమరాపురంలో ఒకాయన ఉరిమిందనుకుని ఆరబోసిన చింతపండు లోపలికి తెచ్చుకున్నాడు.

చెన్నకేశవులు అరుగు దిగి వచ్చి, అదురుతున్న ట్యాంకు మీద చెయ్యి పెట్టాడు. ఈనిన ఆవును నిమిరినట్టు కాసేపు అలాగే ఉంచాడు.

"గుమ్మడికాయ తెప్పించమ్మా" అన్నాడు శ్యామలమ్మతో.

"పులుసులోకి తరిగేసినాం బావా. మీరే కదా లోపలికి పంపించినారు."

ఆయన కొంచెం ఆలోచించి, ఎద్దులబండి కాడికి వేసిన బంతిపూల దండ తీసి హ్యాండిలుకు వేశాడు. తర్వాత చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లాడు. కొట్టం మాట ఎత్తలేదు. 

మరుసటి పొద్దున ఆయన తలపాగా బిగించుకుని, గొడుగు పట్టుకుని కొట్టం ముందుకొచ్చాడు.

"ధర్మవరంలో పనుండాది. వెనక కూర్చుంటే పడతానా?"

"పడవులే అన్నా. నన్ను పట్టుకో."

ఊరు దాటేదాకా చెన్నకేశవులు బిగుసుకుని కూర్చున్నాడు. మెట్ట చేల మధ్య తిన్నని రోడ్డు వచ్చాక ఒంట్లో బిగువు తగ్గింది. రోడ్డు పక్క తెలిసిన మనిషి కనిపిస్తే గొడుగు ఎత్తి పలకరించాడు కూడా. చాలా దూరం పోయాక తమ్ముడి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాడు.

"ఆయిలు ఇంజనుకు బావి కాడనే రేకులు వేద్దాం. కొట్టం దాకా పైపులు ఎవరు మోస్తారు? గోడలు నువ్వే దగ్గరుండి పెట్టించు."

"అట్లే అన్నా" అన్నాడు లక్ష్మీనారాయణ. ముందు గొర్రెల మంద అడ్డమొస్తే క్లచ్ పట్టి బండిని నెమ్మది చేశాడు. మంద దాటేదాకా ఇద్దరూ ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు.