మడతయ్య గజ్జి సబ్బు

మా మెట్ల కింద గదిలో ఇరవై ఏళ్లుగా ఇస్త్రీ చేస్తున్న మనిషిని వీధంతా మడతయ్య అంటుంది. అసలు పేరు భార్యకైనా తెలిసే ఉండాలి. కాలరు, గుండీల పట్టీ, చేతుల అంచులు కత్తిలా చేసి ఇస్తాడు. చొక్కా వీపు జోలికి మాత్రం పెద్దగా పోడు. అడిగితే, "వీపెవరు చూస్తారు పిన్నిగారూ, కుర్చీలో కూర్చుంటే నలిగేదేగా" అంటాడు.

మొన్న మండుటెండల్లో అతను పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని నిప్పుల పెట్టె ముందు నిలబడ్డాడు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగాను. వేళ్ల సందుల్లో పొక్కులు. చర్మం ఎండి పగిలిపోయింది.

"గజ్జి కదూ?"

"మెల్లగా పిన్నిగారూ. ఇది బయటపడితే నా దగ్గరికి చేతిరుమాలు కూడా రాదు."

అప్పటికే అనుమానం వచ్చి రెండిళ్ల వాళ్లు బట్టల మూటలు పంపడం మానేశారు. ఇంకో రెండిళ్లు మానేస్తే పెట్టెలో బొగ్గులు వేసుకోవడం దండగ.

మందుల షాపులో గజ్జి సబ్బు కొని రోజుకు పదిసార్లు రుద్దుకుంటున్నాడట. చేతులకు మాత్రమే.

"మరి ఒంటికో?"

"అది చొక్కా కిందేగా ఉంది."

మొగుడూ పెళ్లాలిద్దర్నీ వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. డాక్టరమ్మ చూసి పూత మందు రాసింది. సబ్బు దానికి తోడే తప్ప దాని బదులు కాదంది. మిగతాది నర్సు చేత చెప్పించాను.

"మెడ దగ్గర్నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, ఏదీ వదలొద్దు. సబ్బు నురగ దాని అట్టపెట్టె మీద ఎంతసేపని ఉంటే అంతసేపే ఉంచి కడిగెయ్యాలి. కళ్లల్లో, నోట్లో పడకూడదు. చీము పట్టిన చోట రుద్దకండి, మాకు చూపించండి. పూత వారానికి మళ్లీ ఒకసారి. ఇంట్లో వాళ్లంతా ఒకే రోజు మొదలుపెట్టాలి. దురద లేనివాళ్లు కూడా."

దురద లేనిది ఒక్కరికే, అతని అత్తగారికి.

"అల్లుడికి గజ్జి వస్తే అత్తకు స్నానమా?" అందావిడ, మేం ఇంటికెళ్లి చెబితే, మంచం దిగకుండానే.

"గజ్జి పురుగు ఒంట్లో చేరిన చాలా రోజులకు గానీ దురద మొదలవదట వదినా. మీరు మానేస్తే అతనికి మళ్లీ అంటుకుంటుంది" అన్నాను.

"అంటుకోనీ."

"అప్పుడు కొట్టు మూసేసి పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు. మీ ఎదురుగా."

ఆవిడ సబ్బు కోసం చెయ్యి చాపింది.

రెండు రోజులు కొట్టు మూశారు. ఒంటి మీది బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు వేణ్నీళ్లలో ఉతికి ఎండేసి, అన్నీ ఇస్త్రీ చేశాడు. ఆ ఇంట్లో దుప్పటికి ఇస్త్రీ జరగడం అదే మొదలు. అత్తగారు ఇప్పుడు మడత లేని దుప్పటి మీద పడుకోనంటోంది.

రెండో పూత కూడా అయింది. దురద పోలేదు. అతను మళ్లీ సబ్బు తీశాడు. చేతులు ఎర్రగా కమిలాయి. నర్సు దగ్గరికి మళ్లీ నడిపించాను.

"పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది బాబాయ్. నువ్వు ఇప్పుడు తోముతున్నది నీ తోలునే. కొత్త పొక్కులొస్తే రా, లేకపోతే ఆ సబ్బు పక్కన పెట్టు."

పక్కన పెడతాడన్న నమ్మకం లేక నేనే తెచ్చి మా అలమరాలో పెట్టాను. మానేసిన రెండిళ్ల వాళ్లు ఆరా తీస్తే, ఇంటిల్లిపాదీ మందు వాడారని, దాచుకున్న వాళ్ల కంటే చూపించుకున్నవాడి దగ్గరే భయం తక్కువని చెప్పాను. వాళ్లు తలూపారు గానీ మూట మాత్రం పంపలేదు.

నెల తిరిగాక ఒక పొద్దున, పొట్టి చేతుల చొక్కా వేసుకుని కొట్టుకొచ్చాడు. వేళ్ల సందులు శుభ్రంగా ఉన్నాయి. ఆ రోజు మొదటి మూట మా ఇంటిదే పంపాను, అందరూ చూసేలా. సాయంత్రానికి ఆ రెండిళ్ల మూటలూ వచ్చాయి.

మడతయ్య మా ఆయన చొక్కా తెచ్చి నా చేతికిచ్చాడు. కాలరు కత్తిలా ఉంది. తిప్పి చూశాను. వీపు మీద ముడతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మనిషి పూర్తిగా కోలుకున్నాడని అప్పుడు నమ్మాను.