బొట్టు పెట్టిన సీసాలు

నలభై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్న మరుసటేడే వాటితో ఒక అబద్ధం రాశాను.

అప్పట్లో బేతంచెర్ల దగ్గర ఒక కుందేళ్ల షెడ్డులో పని చేసేదాన్ని. కడప నుంచి ఒక పశువుల డాక్టరు వచ్చి, జత కట్టించకుండా ఆడకుందేళ్లకు వీర్యం ఎక్కించేవాడు. అలా చేసినప్పుడు అండం విడుదల కావడానికి ఒక హార్మోను కావాలి. దాన్ని వీర్యం పలచన చేసే ద్రావణంలోనే కలిపేవాడు. అయితే వీర్యంలోని ఎంజైములు ఆ హార్మోనును విరిచేస్తాయట. వాటిని అడ్డుకునే పొడిని ఒక ద్రావణం సీసాలో కలిపి, రెండోదానిలో కలపకుండా వదిలాడు. దేనితో ఎక్కువ కుందేళ్లు చూలు కడతాయో చూడాలని. నేను చదవగలనని తెలిసి, సీసాల మీద ‘ఉంది’, ‘లేదు’ అని స్కెచ్ పెన్నుతో తెలుగులోనే రాసి ఫ్రిజ్జులో పెట్టాడు.

మరునాడు కుందేళ్లకు ఎక్కించాలి. ముందురోజు ఆయుధపూజ. యజమానురాలు పసుపు గిన్నె నా చేతికిచ్చింది.

“ఫ్రిజ్జుకూ బొట్టు పెట్టమ్మే. సీసాలేం పాపం చేసినాయి? అవీ పనిముట్లే గదా.”

బొట్టు పెట్టేముందు తడిగుడ్డతో తుడవడం మాకు అలవాటు. తుడిచాను. గుడ్డ మీద నల్లటి మరక, గాజు మీద ఏమీ లేదు. లోపలి నీళ్లు రెండింట్లో ఒకేలా ఉన్నాయి. పనిలోంచి తీసేస్తారనే భయంతో, కుడివైపుదే ‘ఉంది’ అనుకుని నేనే రాసేశాను.

తెల్లవారి డాక్టరు వీర్యం తీసి ఆ రెండింటితో కలిపాడు. మొదటి కుందేలును ఒడిలో వెల్లకిలా పట్టుకుని కూర్చున్నాను. ఆయన గొట్టం నింపుకుని వంగాడు.

“సార్, ఆగండి. సీసాల మీద రాత నాది. తుడిస్తే పోయె. ఏది ఏందో నాకు తెల్దు సార్.”

ఆయన ముఖం ఎర్రబడింది. “చెప్పకపోయింటే తప్పును నిజమని రాసుకుంటాంటినే!”

“నేనే బొట్టు పెట్టమన్నా సార్, ఆయమ్మనేమనగాకండి. దేవుని పని గదా,” అంది యజమానురాలు.

“దేవునికి నా సీసాలే దొరికినాయా తల్లీ?”

అన్నీ మోరీలో పారబోశాడు. ఆ పొడి మళ్లీ బెంగళూరు నుంచి రావాలి. వచ్చేదాకా ఆయన బండి చప్పుడు వినబడితే చాలు, నన్ను పొమ్మనడానికే వచ్చాడనుకునేదాన్ని.

పొడి వచ్చిన రోజు ఆయన ఒక కుందేలును తెచ్చి నా ఒడిలో పెట్టాడు. దాన్ని వెల్లకిలా తిప్పాను.

“గట్టిగా పట్టుకోమ్మా. నువ్వు వణికితే అదీ వణుకుతాది.”

పట్టుకున్నాను.